పుట్టినింటి పేరు



వంశవృక్షమును వ్రాయుట పురుషులకుఁ దగిన కార్యమనియు, స్త్రీలకు వంటయిల్లును బిడ్డలును జాలుననియు మనలోఁ గొందఱి యభిప్రాయము. కాని స్కాట్లండు దేశమున ముత్తాతను వెదకఁబోయినవారికిఁ దఱచుగా దారి చూపునది ముత్తవ్వయే. ఈ మాసమున నా సంగతిని మీకు విన్నవింపఁ దలఁచితిని.

ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మనము అని మీ రడుగవచ్చును. నా పెత్తల్లి కూఁతురి కుమార్తె కెనడాలో నుద్యోగము చేయుచు, అచ్చటనే పుట్టి పెరిగిన స్కాట్లండు వంశీయుని వివాహమాడినది. “పిన్నీ, నా బిడ్డలకు నా వైపు పూర్వులను నీవు చెప్పితివి. వారి తండ్రి వైపువారిని 1700కు వెనుక తెలిసికొనుట యెట్లు?” అని యామె నాకు వ్రాసినది. మన తెలుఁగు బిడ్డ లనేకులు నేఁ డిట్టి రెండు వంశముల సంగమమున జన్మించుచున్నారు. కావున నేను చదివి తెలిసికొన్నదానిని ఆమెకు మాత్రమే కాక మీకును జెప్పుచున్నాను.

1707లో స్కాట్లండు పార్లమెంటు ఇంగ్లండు పార్లమెంటుతోఁ గలిసిపోయినను, ఆ దేశపు న్యాయశాస్త్రమును, క్రైస్తవసంఘమును వేఱుగానే నిలిచినవి. అందువలన నచ్చటి వంశచరిత్రకు ఇంగ్లండు పద్ధతులు చాలవు. ఆ దేశపు కాగితములనే యాశ్రయింపవలెను.

మొదటి మెట్టు 1855వ సంవత్సరము. ఆ యేఁడు జనవరి 1వ తేది మొదలుకొని స్కాట్లండున జనన మరణ వివాహములను ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. మరణము వ్రాయు పుస్తకమునందు మృతుని తండ్రి పేరే కాక తల్లి పేరును, ఆమె పుట్టినింటి పేరును గూడ నడుగుదురు. 1855లో ఎనుబది యేండ్ల వృద్ధురాలు మరణించినదనుకొందము. ఆమె పుట్టుక 1775 ప్రాంతము. ఆమె తల్లి పుట్టుక 1750 ప్రాంతము. చెప్పినవారికి సంగతి సరిగాఁ దెలిసియున్నచో, ఒక్క కాగితముతో నూఱేండ్ల వెనుకకుఁ బోయితిమి.

రెండవ మెట్టు చర్చి పుస్తకములు. దేశము సుమారు 900 పారిషులుగా, అనఁగా ఒక్కొక్క చర్చికిఁ జేరిన గ్రామసముదాయములుగా విభజింపఁబడి యుండెను. బాప్తిస్మములను, పెండ్లి ప్రకటనలను వ్రాసి యుంచవలెనని 1552లో నాటి సంఘసభ యాజ్ఞాపించెను. వానిలో మిక్కిలి ప్రాచీనమైనది పెర్త్ మండలమందలి ఎరల్ గ్రామపు పుస్తకము. అది 1553లో మొదలగుచున్నది. కాని యాజ్ఞ వేఱు, ఆచరణము వేఱు. అనేక పారిషులలో పుస్తకములు చాల యాలస్యముగా నారంభమైనవి. ఉత్తరపు కొండసీమయైన హైలాండ్సునను, పడమటి దీవులందును గొన్ని పారిషులకుఁ బందొమ్మిదవ శతాబ్దమునకుఁ బూర్వపు పుస్తకమే లేదు. ఉన్న పుస్తకములలోనైనను మరణములు వ్రాసినవి తక్కువ. పాత బాప్తిస్మపు వ్రాఁతలలోఁ గొన్నింట తండ్రి పేరు మాత్రమే యుండును. కని పెంచిన తల్లి పేరు వ్రాయుటకు ఆ గుమాస్తాకు సిరా చాలదు కాఁబోలు!

తేదీల విషయమున నొక చిక్కు కలదు. 1600కుఁ బూర్వము స్కాట్లండున నూతన సంవత్సరము మార్చి 25న మొదలగుచుండెను. 1600 నుండి జనవరి 1న మొదలైనది. ఇంగ్లండు మాత్రము 1752 వఱకుఁ బాత పద్ధతినే యనుసరించెను. కాఁబట్టి 1580 ఫిబ్రవరి యని యున్న వ్రాఁత మన లెక్కకు 1581 ఫిబ్రవరి యగును. ఇది తెలియనివారికి బిడ్డ తలిదండ్రుల పెండ్లికి ముందే పుట్టినట్లు తోఁచి, లేని యపనింద యొకటి వంశమున కంటుకొనును.

ఇఁక ముఖ్యమైన సంగతికి వత్తును. స్కాట్లండున స్త్రీ వివాహమైన తరువాత సయితము న్యాయపత్రములందుఁ దన పుట్టినింటి పేరుతోనే వ్యవహరింపఁబడుచుండెను. చర్చి పుస్తకమున, మరణశాసనమున, భూమి పత్రమున, తుదకు సమాధిఱాతిమీఁదను ఆమె ‘ఫలానివారి యాఁడుబిడ్డ, ఫలానివాని భార్య’ యని రెండు విధములఁ గనఁబడును. ఇంగ్లండున నట్లు కాదు. పెండ్లితోనే యామె పుట్టినింటి పేరు కాగితములనుండి తుడిచిపెట్టుకొనిపోవును. మనయింటను అంతియే కదా! మెట్టినింట నడుగిడిన మఱునాఁటినుండి మన యింటిపేరు మాఱిపోవును. శ్రాద్ధమునందు తల్లిని, నాయనమ్మను, ఆమె యత్తగారిని బేరుపెట్టి తలంచుదురు గాని వారి పుట్టినిండ్లు ఏవియో యెవరు చెప్పఁగలరు?

ఈ యాచారమువలన వెదకువారికిఁ గలుగు మేలు చూడుఁడు. ఒక పారిషున జాన్ స్మిత్ అను పేరుగలవారు ముగ్గురున్నారనుకొందము. ముగ్గురికిని బిడ్డలు కలరు. పేరును బట్టి యెవరి బిడ్డ యెవఁడో చెప్పుట బ్రహ్మతరము గాదు. కాని యొకని భార్య జానెట్ గ్రే, ఒకని భార్య మార్గరెట్ రీడ్, ఇంకొకని భార్య ఇసబెల్ యంగ్. తల్లి పేరు తెలిసినంతనే మూఁడు కుటుంబములును వేఱుపడును. బాప్తిస్మమునకు సాక్షులుగా నిలిచినవారు తఱచుగా బంధువులే యగుటచే, అందు గ్రే యింటిపేరుగలవాఁ డొకఁడు కనఁబడినచో నతఁడు మేనమామ కావచ్చునని యూహింపవచ్చును. ఈ విధముగా తల్లి పేరే చిక్కుముడిని విప్పుచున్నది.

బిడ్డలకుఁ బేరు పెట్టుటలో నచ్చట నొక వాడుక యుండెను. మొదటి కుమారునికి తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు, మూఁడవవానికి తండ్రి పేరు. మొదటి కుమార్తెకు తల్లి తల్లి పేరు, రెండవ యామెకు తండ్రి తల్లి పేరు, మూఁడవ యామెకు తల్లి పేరు. తాత పేరు మనుమనికి పెట్టు మనకిది వింత గాదు. పెద్దకూఁతురికి అమ్మమ్మ పేరు పెట్టుట యను మర్యాద నాకు మిక్కిలి నచ్చినది. అయినను ఇది వాడుకయే కాని శాసనము గాదు. దీనిని సూచనగాఁ గొనవలెను గాని సాక్ష్యముగాఁ గొనరాదు.

హైలాండ్సునందు యింటిపేరు స్థిరముగా నిలుచుటకుఁ జాలకాలము పట్టినది. అచ్చటి గేలిక్ భాషలో ‘మాక్’ అనఁగాఁ గుమారుఁడు, ‘నిక్’ అనఁగాఁ గుమార్తె. తండ్రి పేరును, తాత పేరును వరుసగాఁ జేర్చి మనుష్యుని బిలుచుచుండిరి. తరము మాఱినతోడనే పేరును మాఱును. దీనికిఁ దోడు రాజశాసనము లొకటి. మాక్‌గ్రెగర్ వంశీయులు ఆ పేరు పెట్టుకొనరాదని 1603లో నిషేధించిరి. 1661లో నిషేధము తొలఁగెను. 1693లో మరల వచ్చెను. తుదకు 1774లోఁ బూర్తిగాఁ బోయెను. ఆ మధ్యకాలమున వారు వేఱు పేర్లు ధరించి బ్రదికిరి. కావున మాక్‌గ్రెగర్ పూర్వులను వెదకువారు మాక్‌గ్రెగర్ పేరునే పట్టుకొని కూర్చుండరాదు. అట్లే, వంశనాయకుని యింటిపేరున్న వారందఱును ఆయన రక్తసంబంధులు గారు. నాయకుని నేలను సాగుచేసిన రైతులు, ఆయన రక్షణము కోరినవారు సయితము ఆ పేరే పెట్టుకొనుట కలదు.

చదువుటయు సులభము గాదు. నాఁటి చేవ్రాఁత మన పాత కరణముల గొలుసుకట్టువలె నుండును. భాష కొన్నింట లాటిన్, కొన్నింట నాఁటి స్కాట్సు. ‘రెలిక్ట్’ అని యున్నచో విధవ యని యర్థము. మెంజీస్ అని కనఁబడు నింటిపేరును వారు ‘మింగిస్’ అని పలుకుదురు. వాడుకనుండి పోయిన యొక ప్రాచీనాక్షరము అచ్చులో జెడ్ అను నక్షరముగా మాఱుటయే దీనికిఁ గారణము. ఒకే మనుష్యుని పేరును ఒకే పుటలో రెండు విధముల వ్రాసిన గుమాస్తాలు కలరు.

మూఁడవ మెట్టు మరణశాసనములు. 1564లో ఎడింబరో నగరమున కమిసరీ కోర్టు స్థాపింపఁబడినది. మృతుని చరాస్తిని బంచు వ్యవహారము ఇట్టి కోర్టులదే. భార్యయు బిడ్డలును జీవించియున్నచోఁ జరాస్తి మూఁడు భాగములు: ఒకటి భార్యకు, ఒకటి బిడ్డలకు, మిగిలినది మృతుని యిష్టము చొప్పున. భర్త కోపించినను భార్య భాగమును హరింపలేఁడు. ఈ పత్రములలో ఆవులు, గొఱ్ఱెలు, ధాన్యము, ఇంటి సామగ్రి, ఇచ్చిన యప్పులు, తెచ్చిన యప్పులు, దాసీజనమునకు బాకీపడిన జీతము మొదలైనవి కనఁబడును. ఒక యిల్లాలి సంసారమంతయు కన్నులకుఁ గట్టినట్లుండును. లెక్కలు పౌనులలో నున్నవని చూచి పూర్వులు కోటీశ్వరులని సంతసింపకుఁడు. పదునేడవ శతాబ్దమున స్కాట్లండు పౌను ఇంగ్లండు పౌనులోఁ బండ్రెండవ వంతు మాత్రమే.

భూమి సంగతి వేఱు. 1868 వఱకు భూమిని మరణశాసనముచే నెవ్వరికి నిచ్చుటకు వీలులేదు. అది జ్యేష్ఠపుత్త్రునికిఁ బోవును, పుత్త్రులు లేనిచోఁ గుమార్తెలు సమముగాఁ బంచుకొందురు. వారసుఁడు తాను వారసుఁడనని పెద్దల యెదుట ఋజువు చేసికొనవలెను. ఆ ఋజువుపత్రములను ‘రిటూర్లు’ అందురు. భూమిని స్వాధీనపఱచునపుడు ఆ నేలపైననే నిలిచి గుప్పెడు మన్నును, ఒక ఱాతిని చేతికిచ్చుచుండిరి. దానిని వ్రాసిన పత్రము ‘సేసిన్’. 1617 నుండి సేసినులకు దేశమంతటికి జెల్లు రిజిస్టరు పుస్తకము లేర్పడినవి. పెండ్లి యొడంబడిక ననుసరించి భార్యకు జీవితాంతము అనుభవించుటకు విడిచిన నేల వివరము వీనిలోఁ గనఁబడును. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఆతని యూరు అన్నియు నొక్కచో దొరకుట గలదు.

భూమి లేనివారి మాటయేమి? వారికొఱకుఁ బన్నుల పట్టికలను వెదకవలెను. 1691 మొదలు 1695 వఱకు పొయ్యికి 14 స్కాట్ షిల్లింగుల చొప్పునఁ బన్ను విధించిరి. ఆ పట్టికలలో ఇంటి యజమానుల పేర్లును, పొయ్యిల లెక్కయుఁ గలవు. తరువాత తలపన్ను వచ్చినది. 1696లో అబర్డీన్ మండలమునకు వ్రాసిన తలపన్ను పట్టిక మిగిలియుండి, 1844లో అచ్చయినది. అందు భార్యలు, బిడ్డలు, సేవకులు సయితము కనఁబడుదురు. పొయ్యిని లెక్కించిన సర్కారు, దానియెదుటఁ గూర్చుండిన యిల్లాలిని గూడ నొకసారి లెక్కించినది!

నాలుగవ మెట్టు మనస్సును గలఁచునది. ప్రతి పారిషునకును ‘కిర్క్ సెషన్’ అను పెద్దల సభ యుండెను. బీదలకు సాయము చేయుట, గ్రామము విడిచి పోవువారికి సత్ప్రవర్తన పత్రము లిచ్చుట, తప్పు చేసినవారిని విచారించుట దాని పనులు. సెయింట్ ఆండ్రూస్ నగరపు సభ వ్రాఁతలు 1559 నుండి కలవు. పాదిరి లేకయే, స్త్రీపురుషు లొకరినొకరు వరించితిమని చెప్పుకొన్నచో నచ్చటి న్యాయము దానిని వివాహముగా నంగీకరించుచుండెను. ఇది మన స్మృతులలోని గాంధర్వమును దలపునకుఁ దెచ్చును. అట్టి పెండ్లిండ్లు పెండ్లి పుస్తకమున లేకపోయినను, సభవారు దంపతులను బిలిపించి మందలించిన వ్రాఁతలలో దొరకును.

పెండ్లి కాని తల్లులను జర్చిలో నందఱి యెదుట పశ్చాత్తాపపీఠముపైఁ గూర్చుండఁబెట్టి నిందించుచుండిరి. ఆ స్త్రీ పేరు పుస్తకమున కెక్కినది. సుఖముగాఁ గాపురము చేసికొన్న యామె చెల్లెలి పేరు ఎక్కడను లేదు. ఇంతకంటె ఘోరమైనది మంత్రగత్తెల విచారణము. 1563లో మంత్రవిద్యకు మరణదండనము విధించు చట్టము వచ్చినది, 1736లో రద్దయినది. ఎడింబరో విశ్వవిద్యాలయమువారు శోధించి 2003లో వెల్లడించిన పట్టికలో నిందితులు 3,837 మంది. వారిలో నూటికి సుమారు 84 మంది స్త్రీలు. రోగులకు వైద్యము చేయుచుండిన అగ్నెస్ శాంప్సన్ అను నామెను 1591లోఁ జంపిరి. 2022 మార్చి 8న స్కాట్లండు ప్రథమమంత్రి నికొలా స్టర్జన్ ఆ స్త్రీలకు జరిగిన యన్యాయమునకుఁ బ్రభుత్వపక్షమున క్షమాపణము చెప్పినది. వంశవృక్షమున నట్టి ముత్తవ్వ కనఁబడినచో సిగ్గుపడి యామె పేరు దాఁచువారు కలరు. అది తగదు. ఆ కాగితమున సిగ్గుపడవలసినది వ్రాసినవాఁడు కాని, వ్రాయఁబడిన యామె కాదు.

ఇన్ని మెట్లు కలిగియు నడుమ పెద్ద గోతులు కలవు. క్రామ్‌వెల్ కాలమున లండనుకుఁ దరలింపఁబడిన స్కాట్లండు ప్రభుత్వపత్రములను 1660 డిసెంబరులో మరల స్వదేశమునకుఁ దెచ్చుచుండఁగా, ఎలిజబెత్ అను నోడ తుపానులో మునిఁగెను. 85 పీపాల కాగితములు సముద్రము పాలైనవి. మిగిలినవానిని నేఁడు ఎడింబరోలోని జాతీయ పత్రభాండాగారమువారు కాపాడుచున్నారు. పారిషు పుస్తకములను, మరణశాసనములను, కిర్క్ సెషన్ వ్రాఁతలను ఇంటినుండియే చూడ వీలు గల్పించియున్నారు.

గోతిని గోతిగా విడుచుట యొక ధర్మము. అట్లుగాక, 1690 నాఁటి పేద నేఁతగానిని, అదే యింటిపేరుగల ప్రభువునకు మనుమనిగా నంటగట్టి, అచ్చటినుండి రాజులవఱకుఁ బోవువారు పెక్కుమంది. ధనమిచ్చినచో నట్టి వృక్షములను గట్టియిచ్చువారును గలరు. దానివలన నొక రాజు లాభము గావచ్చును గాని నిజమైన యొక నేఁతగాఁడును, అతని భార్యయు నష్టమగుదురు. నా అక్క కూఁతురికి నే నిదియే వ్రాసితిని: “దొరకినంతవఱకు వ్రాయుము. దొరకనిచోటఁ దెలియదని వ్రాయుము. నీ బిడ్డలకు కల్పిత ప్రభువుకంటె నిజమైన పేదవాఁడు దగ్గఱి చుట్టము.”

ఇంకొక సంగతి. మన గ్రామముల పూర్వకథలను, వంశక్రమములను కైఫీయతులుగా వ్రాయించి కాపాడిన కర్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండువాఁడే; లూయిస్ దీవిలోని స్టోర్నోవేలోఁ బుట్టి, 1815లో హిందూదేశపు సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో మన పూర్వుల నింతగా వ్రాయించిన యాయన పుట్టిన సంవత్సరము 1753 అని కొందఱును, 1754 అని కొందఱును జెప్పుదురు! పరుల వంశములను భద్రపఱచిన వాని పుట్టుకయే యిట్లున్నపుడు సామాన్యుల మాట చెప్పనేల?

మన కైఫీయతులలోను రాజులు, కరణములు, దేవాలయములు నున్నంతగా నిల్లాండ్రు లేరు. మన కమిసరీ కోర్టులు లేవు, సేసినులు లేవు. కాని మన యింట నింకను జ్ఞాపకము గల వృద్ధురాండ్రు కలరు. ఒక మధ్యాహ్నము తీఱిక చేసికొని, మీ అమ్మమ్మను ఆమె అమ్మమ్మ పేరేమియో, పుట్టినిల్లు ఏ యూరో, ఏ యింటిపేరో యడుగుఁడు. మీ యత్తగారిని సయితము అదే యడుగుఁడు; ఆ ప్రశ్న నామె నింతవఱకు నెవ్వరును అడిగియుండరు. చెప్పినది చెప్పినట్లు, తేదితోఁ గూడ, మంచి కాగితముమీఁద వ్రాసి పెట్టెలో భద్రపఱచుఁడు. వ్రాసిన వా రెవరో తెలియుటకు క్రింద మీ పేరును, మీ పుట్టినింటి పేరుతోఁ గూడ వ్రాయుఁడు.